పాత రెండు తీగల్ని ముందు అడగండి

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఏ ఆఫీసులోనైనా టెలిఫోన్ సిస్టమ్ మార్చేటప్పుడు చూడండి, ఈ సామెత అక్షరాలా నిజమవుతుంది. కొత్త ఐపీ ఫోన్లు వస్తాయి. వాటికి కలర్ స్క్రీన్ ఉంటుంది, మొబైల్లో యాప్ ఉంటుంది, కాల్ రికార్డింగ్ ఉంటుంది. మీటింగులో అందరూ వాటి గురించే మాట్లాడతారు. ఫ్యాక్స్ మెషీను, లిఫ్టులో ఎమర్జెన్సీ ఫోను, ఫైర్ అలారం ప్యానెల్ నుంచి బయటికి పోయే లైను, గేటు దగ్గర వాచ్‌మన్ ఫోను మాత్రం కొటేషన్‌లో ఆఖరి వరసలో "ఇతరములు" కింద పడి ఉంటాయి. ఒక్కోసారి అక్కడ కూడా ఉండవు.

నా వాదన ఒక్కటే. డిజిటల్ సిస్టమ్‌కి మారే ఆఫీసు పని మొదలుపెట్టాల్సింది ఆ ఆఖరి వరస దగ్గర్నుంచి. ఎందుకంటే కొత్త ఫోను పనిచేయకపోతే పది నిమిషాల్లో పదిమంది ఫిర్యాదు చేస్తారు. లిఫ్టు ఫోను పనిచేయకపోతే ఎవరికీ తెలియదు, లోపల ఒకరు ఇరుక్కునేదాకా.

రెండు తీగలు, ఐదు పనులు

ఇది అర్థం కావాలంటే పాత ల్యాండ్‌లైన్ ఏం చేసేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. మిగతా బ్రాంచీల మిత్రులు భయపడకండి, ఇందులో ఇంటిగ్రేషన్లు లేవు.

ఫోన్‌కి వచ్చేవి రెండే రాగి తీగలు. రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు ఎక్స్ఛేంజి వాటి మీద సుమారు 48 వోల్టుల డీసీ నిలబెట్టి ఉంచుతుంది. రిసీవర్ ఎత్తగానే సర్క్యూట్ పూర్తయి కొన్ని మిల్లీయాంపియర్ల కరెంటు పారుతుంది. అది గమనించి, "ఎవరో ఎత్తారు" అని ఎక్స్ఛేంజి డయల్ టోన్ ఇస్తుంది. ఎవరైనా మనకి ఫోన్ చేస్తే అవే తీగల మీద సుమారు 75 నుంచి 90 వోల్టుల ఏసీ, 20-25 హెర్ట్జ్ దగ్గర వచ్చి గంట కొడుతుంది. మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య అటూ ఇటూ నడుస్తుంది. బటన్ నొక్కితే ఒక్కో అంకెకి రెండు స్వరాలు కలిసి వెళ్తాయి. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ జంట.

అంటే కరెంటు ఇవ్వడం, గంట కొట్టడం, ఎత్తారా పెట్టేశారా కనిపెట్టడం, నంబరు తీసుకోవడం, మాట మోయడం. ఐదు పనులు, రెండు తీగలు. ఫోన్‌కి వేరే అడాప్టర్ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు ఉంటాయి కాబట్టి వీధి మొత్తం చీకటైనా ఫోను పలికేది. తీగ తెగనంత వరకు తుఫాను రాత్రి కూడా పలికేది. ఈ ఒక్క గుణాన్ని నమ్ముకునే లిఫ్టు ఫోన్లు, అలారం లైన్లు ఆ రెండు తీగలకి కట్టారు.

డిజిటల్ ఎక్స్‌టెన్షన్ ఇలా ఉండదు. ఈపీఏబీఎక్స్ కంపెనీ సొంత డిజిటల్ ఫోన్‌కి కూడా రెండు తీగలే వెళ్లొచ్చు, కానీ వాటి మీద నడిచేది ఒకట్లు, సున్నాలు. అదీ ఆ కంపెనీకి మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో. ఐపీ ఫోన్ అయితే నేరుగా కంప్యూటర్ నెట్‌వర్క్ మీదే కూర్చుంటుంది. మాటని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లుగా రాసి, చిన్న చిన్న ప్యాకెట్లుగా పంపుతుంది. ఎనిమిది వేల ఎనిమిదులు 64 కిలోబిట్లు. వైవాలో అందరం చెప్పే జి.711 ఇదే.

చిక్కు ఏంటంటే, సాకెట్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పాత ఫోన్ వైరు చివర ఉండే చిన్న ఆర్‌జే11 ప్లగ్గు, నెట్‌వర్క్ ఆర్‌జే45 సాకెట్లో హాయిగా దూరుతుంది. దూరినంత మాత్రాన అది దాని చోటు అయిపోదు. ఫ్యాక్స్ మెషీన్ని తీసుకెళ్లి డిజిటల్ ఎక్స్‌టెన్షన్‌కి తగిలిస్తే డయల్ టోన్ రాదు. అది చిన్న నష్టం. కొన్ని డిజిటల్ పోర్టుల కరెంటుకి మోడెమ్ సర్క్యూట్ కాలిపోవచ్చు కూడా. పాత ల్యాప్‌టాప్ మోడెమ్ల మాన్యువల్‌లో "డిజిటల్ పీబీఎక్స్ లైనుకి తగిలించవద్దు" అని హెచ్చరిక ఉండేది ఇందుకే.

పెట్టే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి

ఈ రెండు లోకాల మధ్య ఒక మధ్యవర్తి కావాలి. ఒకటి రెండు పరికరాలకైతే అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్ అనే చిన్న డబ్బా. ఇరవై ముప్పై లైన్లయితే గేట్‌వే. పాత తరహా ఈపీఏబీఎక్స్ అయితే దాని పెట్టెలోనే గుచ్చే అనలాగ్ ఎక్స్‌టెన్షన్ కార్డు. పేర్లు వేరైనా పని ఒకటే: ఒక చిన్న ఎక్స్ఛేంజిలా నటించడం. పాత ఫోన్‌కి తాను ఇంకా పాత ఎక్స్ఛేంజికే కట్టి ఉన్నానని అనిపించాలి.

వీటి మీద రెండు రకాల పోర్టులు ఉంటాయి. ఎఫ్‌ఎక్స్‌ఎస్ అనేది పెట్టే చెయ్యి: వోల్టేజీ ఇస్తుంది, డయల్ టోన్ ఇస్తుంది, గంట కొడుతుంది. దానికి ఫోన్, ఫ్యాక్స్ లాంటివి తగిలించాలి. ఎఫ్‌ఎక్స్‌ఓ పుచ్చుకునే చెయ్యి: బయటి నుంచి వచ్చే ల్యాండ్‌లైన్ దీనికి తగిలించాలి. రెండు పెట్టే చేతుల్ని కలిపితే పుచ్చుకునేవాళ్లు లేరు, రెండు పుచ్చుకునే చేతుల్ని కలిపితే పెట్టేవాళ్లు లేరు. కొనేటప్పుడు ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం తలనొప్పి తగ్గినట్టే.

ఆ ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టు చేయాల్సిన పనులన్నిటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపి టెలికాం ఇంజనీర్లు "బోర్ష్ట్" అని పేరు పెట్టుకున్నారు. అది తూర్పు ఐరోపాలో బీట్‌రూట్‌తో చేసే సూపు పేరు. బ్యాటరీ ఇవ్వడం, పిడుగు లాంటి అధిక వోల్టేజీ నుంచి కాపాడటం, గంట కొట్టడం, లైను మీద నిఘా, మాటని అంకెలుగా మార్చడం, వచ్చే మాటని పోయే మాటని విడదీయడం, లైన్ని పరీక్షించడం. ఇన్ని పనులు ఒక అరచేతి డబ్బాలోకి కుదించారంటే అది చిన్న ఇంజనీరింగ్ కాదు. కానీ ప్లేస్‌మెంట్ ప్రజెంటేషన్లో ఎవరూ దీని స్లైడ్ వేయరు.

డబ్బా పెట్టాం, పండగైపోయిందా?

ఇల్లలకగానే పండగ కాదు. అడాప్టర్ కొన్నంత మాత్రాన పరికరాలన్నీ పనిచేయవు. ఒక్కోదానికి ఒక్కో అలవాటు.

మామూలు ఫోన్‌తో పెద్ద పేచీ లేదు. వేలుతో తిప్పే పాత డయల్ ఫోన్ అయితే మాత్రం చూసుకోవాలి. అది స్వరాలతో కాదు, లైన్ని టకటకా తెంపి కలుపుతూ నంబరు చెప్తుంది. చాలా అడాప్టర్లకి ఆ భాష రాదు. ఒకే పోర్టుకి నాలుగైదు ఫోన్లు కలిపినా గంట నీరసంగా మోగుతుంది, లేదా అసలు మోగదు. ఎక్స్ఛేంజికి ఉన్న సత్తువ డబ్బాకి ఉండదు.

ఫ్యాక్స్ అసలైన మొండి ఘటం. మాటలో ఒక ప్యాకెట్ పోతే మన చెవి సర్దుకుంటుంది. "ఏమన్నారూ?" అని అడుగుతాం, అయిపోతుంది. ఫ్యాక్స్ లోపల ఉన్నది మోడెమ్. దానికి సర్దుకుపోవడం తెలియదు. బ్యాండ్‌విడ్త్ ఆదా అని జి.729 పెడితే 64 కిలోబిట్ల చోట 8 కిలోబిట్లే వెళ్తాయి. అది మనిషి గొంతు కోసం తయారుచేసిన కుదింపు, మోడెమ్ కూత దాంట్లో నలిగిపోతుంది. ఫ్యాక్స్ ఉన్న పోర్టుకి జి.711 ఉంచాలి, లేదా ఫ్యాక్స్ కోసమే పెట్టిన టి.38 పద్ధతి అటు చివరా ఇటు చివరా ఉందో లేదో చూసుకోవాలి. "ఫ్యాక్స్ ఇంకా ఎవరు వాడతారు?" అని నవ్వొచ్చు. ఆఫీసులో ఎవరు వాడుతున్నారో కనుక్కున్నాక నవ్వుదాం.

అలారం ప్యానెల్ ఇంకా సున్నితం. చాలా ప్యానెళ్లు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, ఏ జోన్‌లో ఏం జరిగిందో బటన్ స్వరాలతోనే గబగబా చెప్పేస్తాయి. ఒక్కో స్వరం సెకనులో ఇరవయ్యో వంతు. డిజిటల్ సిస్టమ్ ఆ స్వరాల్ని మాటలోంచి ఏరి, విడిగా పంపి, అవతల మళ్లీ కొత్తగా మోగిస్తుంది. ఆ మధ్యలో కాలం కాస్త అటూ ఇటూ అయినా అవతలి రిసీవర్‌కి తప్పు కోడ్ అందుతుంది, లేదా ఏదీ అందదు. ప్యానెల్ మీద మాత్రం పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఇక మన దేశానికే ప్రత్యేకమైన తిప్పలు ఒకటుంది. మార్కెట్లో దొరికే చాలా డబ్బాలు అమెరికా సెట్టింగులతో వస్తాయి. అమెరికాలో డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ కలిపిన స్వరం. మనది 400 హెర్ట్జ్ స్వరాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపినది. ఎంగేజ్ టోన్ అక్కడ అర సెకను మోగి అర సెకను ఆగుతుంది, ఇక్కడ ముప్పావు సెకను చొప్పున. ఇది మార్చకపోతే ఏమవుతుంది? అవతలివాళ్లు ఫోన్ పెట్టేసినా ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకి ఆ సంగతి తెలియకపోవచ్చు. లైను పట్టుకునే ఉంటుంది. బయటి నుంచి చేసేవాళ్లకి ఎప్పుడూ ఎంగేజే. ఆఫీసువాళ్లు "ఈ కొత్త సిస్టమే దండగ" అని తీర్మానిస్తారు. నిజానికి మారాల్సింది సెట్టింగ్స్‌లో దేశం పేరు. మాటని అంకెలుగా మార్చే పద్ధతిలో కూడా అమెరికాది మ్యూ-లా, మనది ఏ-లా. అందుకే ఇన్‌స్టాల్ చేసేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: "ఇండియా ప్రొఫైల్ పెట్టారా అండీ?"

అసలు ప్రమాదం కరెంటు దగ్గర

పైవన్నీ సెట్టింగులతో తీరే గొడవలు. సెట్టింగులతో తీరనిది ఒకటుంది. పాత లైను తన కరెంటు తానే తెచ్చుకునేది. అడాప్టర్ మన గోడ ప్లగ్గు నుంచి తీసుకుంటుంది. దాని వెనక నెట్‌వర్క్ స్విచ్, ఆ వెనక రౌటర్, ఆ వెనక ఫైబర్ డబ్బా. ఈ గొలుసులో ఏ ఒక్క లంకెకి కరెంటు పోయినా చివరున్న ఫోను మూగబోతుంది. మరి లిఫ్టు మధ్యలో ఆగేది ఎప్పుడు? ఎక్కువగా కరెంటు పోయినప్పుడే కదా. అంటే ఆ ఫోను ఏ ఒక్క సమయానికి కావాలో, సరిగ్గా ఆ సమయానికే లేకుండా పోతుంది.

ఇది కాగితం మీద భయం కాదు, బ్రిటన్ దీన్ని అనుభవించింది. అక్కడ ఒంటరిగా ఉండే వృద్ధులు మెడలో ఒక బటన్ వేసుకుంటారు. కిందపడితే నొక్కుతారు. అది ఇంట్లో పెట్టెకి చెప్తే, ఆ పెట్టె ల్యాండ్‌లైన్ ద్వారా సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తుంది. దేశం మొత్తం రాగి తీగల నుంచి ఇంటర్నెట్ ఫోన్లకి మారుస్తున్నప్పుడు, కొన్నిళ్లలో ఆ బటన్ నొక్కినా కాల్ వెళ్లలేదు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం టెలికాం కంపెనీలతో కూర్చుని, వాళ్లంతట వాళ్లు అడగని ఇళ్లని బలవంతంగా మార్చడం ఆపించింది. 2025 చివరికి పూర్తవ్వాలనుకున్న పని గడువు తర్వాత 2027 జనవరికి జరిగింది. కరెంటు పోయినా కనీసం ఒక గంటసేపు ఎమర్జెన్సీ కాల్ చేయగలిగే దారి, అవసరం ఉన్నవాళ్లకి చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అంతకుముందే చెప్పి ఉంది. అంత పకడ్బందీ దేశంలోనే "ఇతరములు" ఇంత పని చేశాయి.

మన ఇళ్లలోకి చూస్తే, ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే డబ్బాల్లో చాలావాటి వెనక ఒక ఫోన్ పోర్టు ఉంటుంది. అది కూడా ఎఫ్‌ఎక్స్‌ఎస్సే, పైన చెప్పిన పెట్టే చెయ్యే. దానికి పాత ల్యాండ్‌లైన్ ఫోన్ తగిలిస్తే చక్కగా పలుకుతుంది. కానీ ఇంట్లో కరెంటు పోయి, డబ్బాకి ఇన్వర్టర్ లేకపోతే, ఫోన్ కూడా పోతుంది. "ల్యాండ్‌లైన్ కదా, కరెంటు లేకపోయినా ఉంటుందిలే" అని తాతయ్య నమ్ముకుని ఉంటే ఆ నమ్మకం పాతబడిందని ఆయనకి ఎవరైనా చెప్పాలి. మనం కాకపోతే ఎవరు చెప్తారు?

"పాతవన్నీ పారేస్తే పోలా?"

ఈ మాట తప్పకుండా వస్తుంది, అందులో న్యాయం కూడా ఉంది. కొన్ని నిజంగానే పారేయాలి. ఫోన్ లైను మీద నడిచే పాత కార్డు స్వైప్ మెషీన్ కోసం అడాప్టర్ కొనడం దండగ, సిమ్ ఉన్న మెషీన్లు ఎప్పుడో వచ్చాయి. నెలకి రెండు ఫ్యాక్సులు వచ్చే ఆఫీసుకి స్కానర్, మెయిల్ చాలు. లిఫ్టుకి కూడా సిమ్‌తో నడిచే యూనిట్లు ఉన్నాయి, వాటికి సొంత బ్యాటరీ ఉంటుంది. అయితే లిఫ్టు తలుపు మూసుకున్నాక సిగ్నల్ ఉంటుందా అని, ఆ ఇనప గదిలో నిలబడి చూడాలి. బ్రోషర్ చూస్తే సరిపోదు.

కానీ అన్నీ పారేయడం కుదరదు. రెండొందల గదుల హోటల్ ఊహించుకోండి. ప్రతి గదికీ గోడలోంచి ఫోన్ తీగలు వేసి ఉన్నాయి. ఐపీ ఫోన్లు పెట్టాలంటే ప్రతి గదికీ నెట్‌వర్క్ కేబుల్ లాగాలి, గోడలు పగలాలి, గదులు ఖాళీ చేయాలి. అదే కింద టెలికాం గదిలో ఆ తీగలన్నీ వచ్చి చేరే క్రోన్ బ్లాకు దగ్గర గేట్‌వేలు పెడితే, రెండొందల ఫోన్లు, వాటి తీగలు ఎక్కడివక్కడే ఉండి డిజిటల్ సిస్టమ్‌లో భాగమైపోతాయి. గేటు దగ్గర, పంపుహౌస్ దగ్గర ఉండే ఫోన్ల సంగతీ అంతే. నెట్‌వర్క్ రాగి కేబుల్ 100 మీటర్లకే ఆగిపోతుంది, ఫోన్ తీగ అంతకంటే చాలా దూరం పోతుంది. ఇక్కడ పాతది రోత కాదు, ఆదా.

ఇంకో విచిత్రం చూడండి. ఐపీ ఫోన్లకి నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు పంపే పద్ధతి 2003లో ప్రమాణంగా వచ్చింది. దాని వోల్టేజీ ఎంత? సుమారు 48. ఒకచోట బ్యాటరీ పెట్టి, తీగ మీదే కరెంటు పంపితే ఫోన్లన్నీ బతుకుతాయని పాత ఎక్స్ఛేంజి వాళ్లకి ఎప్పుడో తెలిసిన సంగతిని మనం మళ్లీ నేర్చుకున్నాం. పాతదాన్ని అర్థం చేసుకోకుండా తీసేస్తే, తర్వాత దాన్నే కొత్త పేరుతో కొనుక్కోవాల్సి వస్తుంది.

మూడు ప్రశ్నలు

కాబట్టి ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది ఇష్టాయిష్టాల మీద కాదు, మూడు ప్రశ్నల మీద తేల్చాలంటాను. ఒకటి: ఇది పనిచేయకపోతే ఎవరికి ఏమవుతుంది? రెండు: కరెంటు పోయినప్పుడు ఇది ఎంతసేపు బతకాలి, దాని వెనకున్న గొలుసు మొత్తానికి యూపీఎస్ ఉందా? మూడు: ఇది మాట పంపుతుందా, లేక స్వరాల్లో సమాచారం పంపుతుందా? మాటైతే అడాప్టర్ ధైర్యంగా పెట్టొచ్చు. సమాచారమైతే ముందు పరీక్షించి పెట్టాలి, లేదా దానికి వేరే దారి చూడాలి. మనిషి ప్రాణానికి సంబంధించిందైతే, కొత్త దారి రుజువయ్యేదాకా పాత లైను తీసేయకూడదు. ఆ ఒక్క లైను నెల అద్దె మిగిల్చి సాధించేది ఏమీ లేదు.

రుజువు అంటే డయల్ టోన్ వినడం కాదు. మెయిన్ స్విచ్ ఆపి, లిఫ్టులోకి వెళ్లి, బటన్ నొక్కి, అవతల ఎవరైనా ఎత్తారో లేదో చూడటం. ఫైర్ ప్యానెల్ నుంచి టెస్ట్ సిగ్నల్ పంపి, అది అందిందని కంట్రోల్ రూమ్ నోటితో చెప్పించుకోవడం. ఈ పనికి గేట్ ర్యాంకు అక్కర్లేదు, ఓ మధ్యాహ్నం ఖాళీ చాలు.

మన సిలబస్‌లో పీసీఎం ఉంది, క్వాంటైజేషన్ నాయిస్ ఉంది, ఎనిమిది మార్కుల బ్లాక్ డయాగ్రామ్ ఉంది. ఒక పాత ఫోన్, ఒక అడాప్టర్ ముందు పెట్టి "దీన్ని మోగించు" అనే ఎక్స్‌పెరిమెంట్ ల్యాబ్ మాన్యువల్‌లో కనిపించదు. మైక్రోప్రాజెక్టు కోసం మళ్లీ లైన్ ఫాలోయర్ రోబోనే వెతుక్కునే జూనియర్లకి ఒక మాట: మీ కాలేజీలోనో, మీ నాన్నగారి ఆఫీసులోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో రెండు తీగల మీద బతికే పరికరాలు ఎన్ని ఉన్నాయో జాబితా రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఆ మూడు ప్రశ్నలకి జవాబులు రాయండి. అనుమతి తీసుకుని, కరెంటు ఆపి పరీక్షించండి. ఫలితం వచ్చేసరికి మీ చేతిలో రిపోర్టు ఉంటుంది, ఆ బిల్డింగువాళ్లకి తమకే తెలియని ఒక నిజం తెలుస్తుంది.

కొత్త సిస్టమ్ వద్దని నేను అనడం లేదు. రావాలి, వస్తుంది కూడా. కాకపోతే దాని కొటేషన్‌ని కింద నుంచి పైకి చదవడం మనం అలవాటు చేసుకోవాలి.